ఇంకని నీళ్ళు

మా ఆయన రామలింగం భయస్తుడు. భయస్తులు చేతులు ముడుచుకుని కూర్చుంటే ఎవరికీ నష్టం లేదు, కానీ వాళ్ళు కూర్చోరు, ఏదో ఒకటి చేస్తారు. నేను హన్మకొండలో మా అన్న ఇంటికి వెళ్ళి వచ్చేసరికి, మట్టెవాడలో మా ఇంటి వాకిట్లో బావి పక్కన ఉండాల్సిన తులసి గద్దె వాకిలి నడుమకు వచ్చి నిలబడి ఉంది. ఇటుకలు కొత్తవి, సున్నం తడి ఆరలేదు. పాత తులసినే పెళ్ళగించి తెచ్చి అందులో నాటాడు.

“ఏందిది?” అన్నాను, చేతిలో మూట కూడా దించకుండా.

ఆయన వెళ్ళి వీధి దర్వాజ గడియ పెట్టి వచ్చాడు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే, అయినా గుసగుసగానే చెప్పాడు.

“మొగిలమ్మ అచ్చి పోయింది. ఇత్తనాలు పాతర్ల పోసిన.”

మా వాకిలి నడుమ నేల కింద ఒక పాతర ఉంది. మా మామగారి కాలంలో ధాన్యం దాచుకోవడానికి తవ్విన గొయ్యి అది. మనిషి దిగితే భుజాల దాకా వస్తుంది. లోపల గోడలకు పేడ అలుకు, మీద చెక్కలు, చెక్కల మీద మట్టి, అంతే. చాలా ఏళ్ళుగా ఖాళీగానే ఉండేది.

మొగిలమ్మ కేసముద్రం బాటలో ఒక చిన్న పల్లె మనిషి. కొడుకు యాకయ్య బండి తోలుతుంటే పిడకలు, కట్టెలు తెచ్చి మా వీధిలో అమ్ముకుని పోయేది. అది నలభై ఎనిమిది ఎండాకాలం. అంతకు ముందటి ఏడు, పండినదాంట్లో సర్కారుకు కొలవాల్సిన లెవీ పేరు చెప్పి వాళ్ళ ఊళ్ళో తిండి గింజలతో పాటు విత్తనం గింజలు కూడా ఊడ్చుకుని పోయారు. ఎక్కడివో పుచ్చు గింజలు తెచ్చి చల్లుకుంటే సగానికి సగం మొలవలేదు. చలికాలానికి ఆ పల్లెలో గంజి కూడా లేకుండా పోయింది. చిన్న పిల్లలు ముందు పోయారు. మొగిలమ్మ మనవరాలు కూడా పోయింది. ఆ పిల్ల మా వాకిట్లో కనకాంబరాలు కోసుకుని తలలో గుచ్చుకునేది. ఈసారి ఊరంతా కలిసి అప్పు చేసి మంచి పచ్చజొన్న ఏరి కొని, ఊళ్ళో దాస్తే దొరికిపోతుందని, విత్తనాలు చల్లే మిర్గం కార్తె వచ్చేదాకా మా ఇంట్లో దాచమని తెచ్చింది. అది పోతే ఆ పల్లెలో ఇక ఎవరూ మిగలరు. మా ఆయన సరేనన్నాడు. ఆయన భయస్తుడే కానీ చెడ్డవాడు కాడు, ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను.

“లెవీ జవాను ఇనుప చువ్వ పట్టుకొని ఇంటింటికీ తిరుగుతాండు సావిత్రీ. నేల మెత్తగున్న తాన గుచ్చి చూస్తాండు. తులసిని మాత్రం ఎవ్వడు గుచ్చడు. అందుకే ఆడ పెట్టిన,” అన్నాడు. మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది.

“గుచ్చడు. మరి నీళ్ళో?”

“ఏం నీళ్ళు?”

“తులసికి రోజూ పోసే నీళ్ళు! పోస్తె అడుగున ఇత్తనాలు మొలుస్తయి, కాదంటె కుళ్ళుతయి. పొయ్యకుంటె ఈ ఎండకు నాలుగొద్దుల్ల తులసి ఎండుతది. తులసి ఎండిన కొంపకు దీపం పెట్టేటోళ్ళు లేరా అని వాడంత అడుగుతది. ఏది జెయ్యమంటరు చెప్పుండ్రి!”

ఆయన గద్దె వంక చూశాడు, నా వంక చూశాడు, అరుగు మీద కూలబడ్డాడు. దేవుడి నీడలో పెడితే దేనికీ భయం లేదనుకునే వాళ్ళం కదా మేము. ఆ దేవుడికి రోజూ చెంబెడు నీళ్ళు కావాలన్న సంగతి మరిచిపోయాడు.

మళ్ళీ తవ్వి గద్దెను జరుపుదామంటే కొత్త మట్టి కనిపిస్తుంది. విత్తనాలు వెనక్కి పంపుదామంటే దారిలో ప్రతి బండినీ ఆపుతున్నారు. ఉన్నచోటే ఉంచి కాపాడాలి. నాకు కోపం వస్తే చేతులు ఊరుకోవు. ఆ పొద్దే కొంగు బిగించాను.

ఈ పని నాకు కొత్త కాదు. మా వాళ్ళల్లో ఎవరు ఇల్లు కట్టుకున్నా వాకిలి సర్దడానికి నన్నే పిలిచేవారు. చిన్న వాకిలి పెద్ద తోటకంటే మొండిది. పెద్ద తోటలో తప్పు చేస్తే ఏ చెట్టు చాటునో దాగుతుంది, చిన్న వాకిట్లో చేస్తే రోజూ పొద్దున్నే ఎదురొస్తుంది. గడప దగ్గర నిలబడ్డ మనిషి చూపు మొదట ఎక్కడ పడుతుంది, కాళ్ళు ఏ దారిన పోతాయి, వాన నీళ్ళు ఎటు పారతాయి, ఇవి చూసుకోకుండా మొక్క నాటడం కూర ఏమిటో తెలియకుండా పోపు పెట్టడం లాంటిది. మా బంధువులు ఇవేవీ చూడరు. కనిపించిన చోటల్లా బంతి నాటి, నడవడానికి దారి లేదని నా దగ్గరికి వస్తారు.

ముందు గద్దె పై భాగం ఊడదీసి, లోపల ఒక పెద్ద మట్టి గోలెం దించాను. దాని లోపలంతా సున్నం, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి నూరి గట్టిగా పూశాను. అడుగున ఒక పక్క చిల్లి పెట్టి, దానికి మట్టి గొట్టం బిగించి, ఆ గొట్టాన్ని బండల కింద నుంచి ఉత్తరం గోడ దాకా తీసుకుపోయాను. ఆ గోడ దగ్గర మల్లె పొద ఉంది. గోలెంలో మట్టి నింపి తులసిని నాటాను. ఇక తులసికి పోసిన నీళ్ళన్నీ మల్లె మొదట్లోకి వచ్చి పడతాయి. గద్దె చుట్టూ నేలంతా బండలు పరిచి వాలు బయటికి తిప్పాను. గుమ్మానికి ఎదురుగా దూరపు మూలన ఎర్ర గన్నేరు తొట్టి పెట్టాను, లోపలికి వచ్చిన వాడి చూపు గద్దె మీద ఆగకుండా నేరుగా దాని మీదికి పోవాలని. బావి పక్క రాతి బల్ల మీదికి రాధామనోహరం తీగె పందిరి పాకించాను. బల్ల మీద కూర్చుంటే మల్లె, గన్నేరు కనిపిస్తాయి, గద్దె మాత్రం వీపు వెనక పడుతుంది.

పని అయ్యాక చూస్తే వాకిలి ముచ్చటగా ఉంది. మా ఆయన కూడా మెచ్చుకున్నాడు. అంత బాగా చేయడమే నా కొంప ముంచింది.

లెవీ వసూలు చూసే రెవెన్యూ అధికారి, గిర్దావరు రాజేశ్వర్ రావు ఒకరోజు పొద్దున పూటే వచ్చాడు. వెంట జవాను, జవాను చేతిలో ఇనుప చువ్వ. ఇంటి ముందరి మా దుకాణం వెతికారు, లోపలి అర్రలు వెతికారు, వాకిట్లోకి వచ్చారు. జవాను మల్లె మొదట్లో గుచ్చాడు, బావి పక్క గుచ్చాడు, బండల సందుల్లో గుచ్చాడు. చువ్వ నేలలో దిగిన ప్రతిసారీ మా ఆయన గుటకలు మింగుతున్నాడు. నేను ఆయన కాలి మీద కాలు వేసి తొక్కాను. జవాను గద్దె దగ్గరికి రాగానే గిర్దావరు చెయ్యి అడ్డం పెట్టాడు.

“తులసమ్మ తాన వద్దుర,” అని చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు.

అప్పుడు వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. పందిరి కింద బల్ల మీద కూర్చున్నాడు, టోపీ తీసి విసురుకున్నాడు, మల్లె వంక చూశాడు, గన్నేరు వంక చూశాడు. నేను ఎటు చూడాలని పెట్టానో అటే చూశాడు.

“రామలింగం సేటూ, బయట నిప్పులు కురుస్తానయి. ఈడ సల్లగున్నది. మట్టెవాడ లెక్కలు అయ్యేదాంక నేను ఈడ్నే కూసుంట. జర కుర్చీ, మేజ ఏపియ్యి.”

కాదనడానికి మేమెవరం. మా ఆయన తల ఊపాడు. నేను లోపలికి వెళ్ళి గోడకు తల ఆనించి నిలబడ్డాను. ఎవడైనా ఒక్క చూపు చూసి వెళ్ళిపోవాలని అలంకరించిన వాకిట్లో లెవీ కచేరీ పెట్టాడు ఆ మహానుభావుడు.

అంతటితో అయినా బాగుండేది. ఆయన భక్తుడు. రోజూ పొద్దున వచ్చి మా బావి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, పెద్ద ఇత్తడి చెంబుతో నీళ్ళు చేది, మంత్రం చదువుతూ తులసికి పోసేవాడు. ఒక్క చెంబుతో ఆగేవాడు కాదు, ఎండాకాలం తులసమ్మకు దప్పిక ఎక్కువని మళ్ళీ పోసేవాడు. నేనైతే చెంబు అడుగున ఉన్నంత పోసి ఊరుకునేదాన్ని. వేరేవాడు పుణ్యం కోసం పోస్తుంటే వద్దని ఎలా అనను? నీళ్ళు పడుతున్న చప్పుడు వింటే నా కడుపులో పడుతున్నట్టుండేది.

ఆయన అన్నానికి వెళ్ళినప్పుడల్లా గద్దె అడుగున గోడకు అరచెయ్యి ఆనించి చూసేదాన్ని. గింజ తడిస్తే వేడెక్కుతుంది. పులిసిన వాసన వస్తుంది. ఒకరోజు చల్లగా అనిపించేది, ఒకరోజు వేడిగా ఉందనిపించేది, అది ఎండ వేడో లోపలి వేడో తెలియక చచ్చిపోయేదాన్ని. బండల సందున పచ్చటి చుక్క కనిపిస్తే పరుగెత్తేదాన్ని. వంగి చూస్తే గరిక. గరికను అంత కసిగా పీకినవాళ్ళు ఎవరూ ఉండరు.

రోహిణి కార్తె వచ్చింది. మధ్యలో ఒక సాయంత్రం గాలి లేచి పెద్ద వాన కొట్టింది. మరునాడు పొద్దున గిర్దావరు తులసికి నీళ్ళు పోసి, బల్ల దగ్గరికి పోకుండా మల్లె పొద దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నేను బియ్యం చెరుగుతూ అరుగు మీది నుంచి చూశాను. గొట్టం మూతి నుంచి నీళ్ళు బుడబుడా వస్తున్నాయి. ఆయన వేలు పెట్టి చూశాడు. లేచి మళ్ళీ బావి దగ్గరికి వెళ్ళి, ఒక చెంబు చేది తులసికి పోసి, గబగబా మల్లె దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆయన భూములు కొలిచే మనిషి, లెక్క తేలకపోతే వదలడు.

“అమ్మా,” అన్నాడు నా వైపు తిరిగి. “నేను చెంబెడు పోస్తె ఈడ చెంబెడు బయటికస్తాంది. తులసి చుక్క గూడ తాగదా? భూమి గుంజదా?”

చేటలో బియ్యం ఆగిపోయాయి. మా ఆయన దుకాణం గుమ్మంలో బొమ్మలా నిలబడ్డాడు. ఆయన మొహం చూస్తే ఎవరికైనా అనుమానం వచ్చేస్తుంది, అందుకని నేనే చటుక్కున లేచి అడ్డంగా నిలబడ్డాను.

“తులసమ్మకు పోసిన నీళ్ళు తొక్కద్దు గద సాబ్. వాకిలంత పారితె అందరి కాళ్ళ కింద పడతయి. అందుకని గోలెంల పెట్టి, నీళ్ళు మల్లె మొదట్లకు పోయేటట్టు చేసిన. ఆ మల్లెపూలు మళ్ళ తులసికే పెడత.”

గిర్దావరు నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత ఆయన మొహం వెలిగిపోయింది. నా నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, నేనే నమ్మేటట్టు వచ్చింది.

“శభాష్! ఎంత మంచి ఆలోచన అమ్మా! మా ఇంట్ల వాకిలి ఇంతే ఉంటది. అచ్చం గిట్లనే కట్టిపిస్త. రేపు మేస్త్రీని తోల్కస్త. ఒక్క పక్క ఇటుకలు తీసి, లోపల గోలెం ఎట్ల కూసున్నదో వానికి చూపెట్టుండ్రి చాలు.”

రేపు. మేస్త్రీ. ఇటుకలు తీయడం. గోలెం కింద జానెడు మట్టి, ఆ కింద చెక్కలు, ఆ కింద జొన్నలు. బియ్యం చేటను నడుముకు ఆనించుకున్నాను.

“మేస్త్రీ ఎందుకు సాబ్? మేస్త్రీలు గోడ కడతరు గని వాకిలి కట్టలేరు. నేనే అచ్చి మీ వాకిలి సర్ది పోత. మీ ఇంట్ల అమ్మకు ఏ మొక్కలు ఇష్టమో అడిగి పెడత. మీరు మాత్రం పక్కన ఉండాలె, వాలు ఎటో, చూపు ఎటో మీరే చెప్పాలె. బండలు మొయ్యనీకి మీ జవాను గూడ కావాలె.”

ఆయన ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. ఎల్లుండి రమ్మన్నాడు.

ఆ రోజు గిర్దావరు వెళ్ళాక మా ఆయన నా మీద విరుచుకుపడ్డాడు.

“కోమటోళ్ళ ఇంటి ఆడిది గిర్దావరు ఇంట్ల మట్టి తవ్వుతాందంటె బజార్ల నా మొహం ఎట్ల పెట్టుకోవాలె?”

“మొహం సంగతి తర్వాత. నేను ఆడ ఉన్నంత సేపు గిర్దావరు ఆడ్నే ఉంటడు, జవాను ఆడ్నే ఉంటడు. ఈడ మీరు, మొగిలమ్మ, యాకయ్య పాతర ఖాళీ చెయ్యాలె. పట్టపగలే. దర్వాజ బార్లా తెరిచి పెట్టి చెయ్యాలె, మూస్తె అందరు తొంగి చూస్తరు.”

“బండిని తొవ్వల ఆపితె?”

“మిర్గం ముందర రైతు బండ్లన్ని పెంట ఎరువు తోల్కపోతయి. మీద పెంట నింపుండ్రి. పెంటల చెయ్యి పెట్టే జవాను ఇంక పుట్టలె.”

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. కబురందుకుని అనుకున్న రోజు పొద్దున్నే మొగిలమ్మ పిడకల బండితో వచ్చింది. ఎండకు ఎండి కర్రలా అయిపోయింది. గద్దె దగ్గర నిలబడి నేలను చేత్తో ముట్టుకుంది.

“తడి తగిలిందా అమ్మా?” అంది.

“తెల్వది మొగిలమ్మా. తెరిస్తె గని తెల్వది.”

“మొన్నటి వానకు మా ఊర్ల దున్నకాలు మొదలువెట్టిన్రు. అందరు నా మొఖమే చూత్తాన్రు,” అంది. ఆ మనవరాలి పేరు ఎత్తుతుందేమో, ఎత్తితే ఏడుస్తానేమో అని నేను టాంగా ఎక్కేశాను.

హన్మకొండలో గిర్దావరు ఇల్లు పాతది. వాకిలి మా వాకిలి అంతే ఉంది, కానీ దాని నిండా పనికిరాని సామాను. ఆయన భార్య మంచి మనిషి, నేను వద్దంటున్నా మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను ముందు గడపలో నిలబడి చూశాను, తర్వాత ఆయన కూర్చునే చోట కూర్చుని చూశాను. చేతులు పని చేస్తున్నాయి, మనసు మట్టెవాడలో ఉంది. ఈపాటికి తులసిని పక్కకు తీసి ఉంటారు. ఈపాటికి గోలెం పైకి లేపి ఉంటారు. ఈపాటికి చెక్కలు తీసి ఉంటారు. లోపల ఏముందో మొగిలమ్మ చూసి ఉంటుంది.

గద్దెకు చోటు గుర్తుపెట్టి, గోలెం దించే గొయ్యి తవ్వించాను. గిర్దావరు గొయ్యి అంచున నిలబడి లోపలికి చూశాడు.

“ఇంత లోతు ఎందుకమ్మా? మీ తాన ఇంత లోతు ఉన్నదా?”

“ఉన్నది సాబ్.”

“ఊహు. మీ గద్దె ఎత్తు చూస్తె అంత లోతు అనిపియ్యలె.” ఆయన గోడకు ఆనించిన సైకిల్ తీశాడు. “కొలత నేను కండ్లతోని చూడంది నమ్మ. మీ సేటు ఇంట్లనే ఉన్నడు గద, ఒక్క ఇటుక తీసి చూసి, చిటికెల అస్త.”

ఇప్పుడు అక్కడ గద్దె లేదు. మొగిలమ్మ భుజాల దాకా పాతరలో ఉంటుంది. మా ఆయన బస్తా మూతి పట్టుకుని ఉంటాడు. దర్వాజ బార్లా తెరిచి పెట్టమన్నది నేనే.

“సాబ్, ఎండ...” అన్నాను. ఆయన టోపీ పెట్టుకుంటున్నాడు. “అన్నం తిని పోదురు గని...” అన్నాను. ఆయన సైకిల్ వాకిలి దాటిస్తున్నాడు. ఏం చెప్పి ఆపాలో తెలియక నా చూపు వాకిలంతా వెతికింది. వాకిలి చూడడం తప్ప నాకు ఏం తెలుసు?

వాకిలి వెనక వైపు ఒక అర్ర ఉంది, తలుపుకు పెద్ద తాళం. ఆ గడప కింద పచ్చగా ఒక గీత. పొద్దున చూసి గరిక అనుకుని వదిలేశాను. ఇప్పుడు దగ్గరికి వెళ్ళి ఒకటి పీకాను. మొలక వేళ్ళకు గింజ అంటుకునే ఉంది. పచ్చజొన్న. గడప పొడుగునా, తలుపు సందు నుంచి ఎలుకలు లాగిన గింజలు మొన్నటి వానకు మొలిచాయి. తలుపు దగ్గర ముక్కు పెడితే బస్తాల వాసన.

నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. భయమంతా ఎటు పోయిందో తెలియదు. లెవీ అని ఊళ్ళ మీద పడి ఊడ్చిన గింజలు సర్కారు గోదాంలో ఉండాలి, ఈయన ఇంటి అర్రలో ఎందుకున్నాయి? ఇవి ఏ ఊరి విత్తనాలు? ఎవరి మనవరాలు తినవలసినవి?

“సాబ్!” అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “పోతె పోయిన్రు గని, ఈ అర్ర తాళంచెవి ఇచ్చి పోండ్రి.”

సైకిల్ ఆగింది.

“ఎందుకు?”

“మొన్నటి వాన నీళ్ళు ఈ అర్రలకు పోయినయి. గడప కింద జొన్న మొలిచింది. లోపల ఏమున్నదో, ఎంత తడిసిందో కండ్లతోని చూడకుంటె నేను వాలు ఎటు పెట్టాలె?”

బండ మోస్తున్న జవాను ఆగి మా ఇద్దరి వంకా చూశాడు. గిర్దావరు నా చేతిలో మొలకను చూశాడు. జవానును చూశాడు. లోపల ఆయన భార్య గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. నేను మొలకను అలాగే పట్టుకుని నిలబడ్డాను.

“అరే, నువ్వు పొయ్యి బయట నీళ్ళు తాగి రా,” అన్నాడు జవానుతో. వాడు వెళ్ళేదాకా ఆగాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “ఆ తాళంచెవి పోయింది అమ్మా.”

“అట్లనా. మా గద్దె ఇటుకలు గూడ గట్టిగ పట్టుకున్నయి సాబ్. తీస్తె మళ్ళ అతకయి. లోతు నేను చెప్పిన గద.”

నా గద్దె కింద ఏదో ఉందని అప్పుడు ఆయనకు తెలిసింది. ఆయన అర్రలో ఏముందో నాకు తెలిసిందని కూడా తెలిసింది. నీళ్ళు తాగి వచ్చిన జవాను దర్వాజ దగ్గర నిలబడ్డాడు. గిర్దావరు సైకిల్ మళ్ళీ గోడకు ఆనించి, టోపీ తీసి, అరుగు మీద కూర్చున్నాడు.

“కానియ్యుండ్రి. పని కానియ్యుండ్రి,” అన్నాడు.

నేను పని చేశాను. ఇక వెళ్ళిపోవచ్చు, కానీ వెళ్ళలేదు. పొద్దు వాలేదాకా ఆ వాకిలి అంతా బండలు పరిపించాను. అర్ర గడప ముందు రాళ్ళు ఎత్తి కట్టు కట్టించి, వాన నీళ్ళు చుక్క కూడా అటు పోకుండా వాలు వీధి వైపు తిప్పాను. ఆ వాలు మా వాకిలికంటే బాగా కుదిరింది. గిర్దావరు అంతా చూస్తూనే ఉన్నాడు.

నేను చేతులు కడుక్కుంటుంటే దగ్గరికి వచ్చాడు.

“నా మీద ఇంత కోపం పెట్టుకొని, నా అర్రలకు నీళ్ళు రాకుంట ఎందుకు చేసిన్రు?”

“మీ కోసం కాదు సాబ్. గింజలకు ఏం తెల్సు, ఎవరింట్ల ఉన్నయో. తడిస్తె వాటికి మొలుసుడు ఒక్కటే తెల్సు. ఎవరివో వాళ్ళకు చేరేదాంక పొడిగుండాలె.”

ఆయన మొహం తిప్పుకున్నాడు. మట్టెవాడలో ఆయన మళ్ళీ కనిపించలేదు. మా ఇంట్లో ఉండిపోయిన లెక్కల పుస్తకాల కోసం మరునాడు జవానును పంపాడు.

టాంగా మట్టెవాడ చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. మా దర్వాజ బార్లా తెరిచే ఉంది. మా ఆయన ఒంటి నిండా దుమ్ము, చొప్ప పోగులు, పెంట వాసన. అలా ఆయన్ను పెళ్ళయ్యాక ఎప్పుడూ చూడలేదు. పాతర మట్టితో పూడ్చేశారు. గద్దె మళ్ళీ కట్టారు, వంకరగా. తులసి అందులో నిలబడి ఉంది.

“తడిసిందా?” అన్నాను టాంగా దిగకుండానే.

“ఒక పక్క కొంచెం బూజు పట్టింది. మిగిలింది మంచిగున్నది. మొగిలమ్మ ప్రతి బస్తాల చెయ్యి పెట్టి, గింజ నోట్లేసుకొని కొరికింది. కొరికినప్పుడల్ల పటుక్కుమన్నది.” ఆయన చేతి వెనకతో మొహం మీది దుమ్ము తుడుచుకున్నాడు. “బండి ఊరు దాటిందట. ఎవ్వడు ఆపలె. పెంట వాసనకు దూరం నుంచే పొమ్మన్నరట.”

“గోలెం ఏది?”

“తీసేటప్పుడు యాకయ్య చేతిల పలిగింది. తులసిని మట్టిలనే పెట్టిన. తప్పా?” భయంగా అడిగాడు.

నేను బావి దగ్గరికి వెళ్ళి చెంబు నిండా నీళ్ళు చేదాను. ఆ ఎండాకాలం అంతా నేను తులసికి కడుపునిండా పోసింది లేదు. గద్దె దగ్గర నిలబడి మొత్తం పోశాను. వెళ్ళి మల్లె పొద దగ్గర కూర్చుని గొట్టం మూతి వంక చూశాను. మళ్ళీ లేచి ఇంకో చెంబు పోశాను. మళ్ళీ వచ్చి చూశాను. ఇంకో చెంబు. అక్కడి మట్టి పొడిగానే ఉంది. తులసి మొదట్లో నీళ్ళు చిన్న చప్పుడు చేస్తూ కిందికి దిగిపోతున్నాయి.

ఆ మల్లె పక్కనే కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా ఆయన కంగారుగా పరుగెత్తుకొచ్చాడు.

“ఏమైంది? ఎందుకేడుస్తానవ్?”

“నీళ్ళు రాలె,” అన్నాను.

ఆయన గొట్టం మూతిలో వేలు పెట్టి చూశాడు. పొడి వేలు నాకు చూపించి, నా పక్కన నేల మీద కూర్చున్నాడు.